బోణీ

చెయ్యి ముందు గుర్తుపట్టింది. బయటి ఎండలోంచి లోపలి మసక వెలుతురుకి కళ్ళు ఇంకా అలవాటు పడకముందే, బార్ కౌంటర్ మీద ఆనించిన అరచెయ్యి చెప్పేసింది ఇది మనదేనని, చీమకుర్తి రాయేనని. ఆ చల్లదనం, ఆ నునుపు, పాలిష్ పట్టినవాడెవడో భోజనం వేళయిందని తొందరపడి అంచు దగ్గర వదిలేసిన ఆ చిన్న గరుకు. తర్వాత కళ్ళు చూశాయి. నల్లటి రాయి, లోపలెక్కడో దీపం వెలిగించి మరిచిపోయినట్టు బంగారు నలుసులు. బ్లాక్ గెలాక్సీ అని అమ్ముతాం ఇక్కడ. ఆ పేరు పెట్టినవాడెవడో గాని వాడు అసలైన వ్యాపారి, రాయిని కాదు ఆకాశాన్ని అమ్మాడు. అట్లాంటాలో ప్రతి వీధి పేరూ పీచ్‌ట్రీయే, రెండు తప్పు పీచ్‌ట్రీలు తిరిగి, పార్కింగ్ కోసం ఇంకో రెండు చుట్లు కొట్టి, విసుగు పుట్టి ఈ పబ్‌లో కూర్చుంటే, నా మోచేతుల కింద మా ఊరి భూమి ఒక ముక్క పడుకుని ఉంది, నాకంటే ముందే వచ్చి. దాని మీద ఎన్ని గ్లాసులు పెట్టారో, ఎంతమంది ఉద్యోగాలు పోయిన రోజున తల ఆనించారో. చేపలు కూడా పుట్టని కాలంలో కరిగి, భూమి కడుపులో చల్లబడుతూ ఉండిపోయిన రాయి ఇది. దాన్ని కోసి, కడిగి, ఓడెక్కించి, వంటింటి బల్లగా అమ్ముకుని నేను ఊరి శివారు కమ్మింగ్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఈ సంగతి రోజూ గుర్తుంటే వ్యాపారం సాగదు కాబట్టి రోజూ గుర్తుండదు.

చక్రధర్ ఇంకా రాలేదు. మంచిదే. బేరానికి ముందు వచ్చినవాడికి కుర్చీ ఎంచుకునే హక్కు ఉంటుంది, నేను తలుపు కనిపించే వైపు కూర్చున్నాను. ఇదేం బేరమో మాత్రం తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత, పండగ ఫార్వర్డులు తప్ప మాటల్లేని మనిషి నుంచి హఠాత్తుగా, లంచ్‌కి వస్తవా, నీతో ఒక మాట ఉంది, అని మెసేజ్. ఒక మాట ఉంది అన్నవాడి దగ్గర ఒక మాట ఉండదు, ఒక అవసరం ఉంటుంది. అది గ్రానైట్ యార్డ్ నడిపి నేర్చుకున్నది కాదు, యార్డ్ పెట్టకముందే తెలుసు. పొద్దున షర్ట్ వేసుకుంటుంటే మీనాక్షి కూడా అదే అంది, ఆయన ఏమడిగినా వెంటనే ఒప్పేసుకోకండి, అలాగని వెంటనే కాదనకండి, ఇంటికొచ్చి చెప్తానని చెప్పండి, మీ మొహం చూస్తే మీరు ఒప్పేసుకున్నట్టే ఉంటుంది. నా మొహం గురించి ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చెప్పింది ఇదొక్కటే, అదీ తప్పు, నా మొహం చూసి నా మనసు కనిపెట్టిన కస్టమర్ ఇంతవరకూ పుట్టలేదు. దారి పొడుగునా జీఏ 400 హైవే మీద సమాధానాలు తయారు చేసుకుంటూ వచ్చాను. ఉద్యోగం పోయిందంటే ఏం చెప్పాలి, వాళ్ళమ్మాయి సాన్వికి ఎక్కడైనా రికమెండేషన్ కావాలంటే ఏం చెప్పాలి, చేతి బదులు అంటే ఏం చెప్పాలి. ప్రతి దానికీ ఒక మెత్తటి కాదు సిద్ధంగా ఉంది. మెత్తటి కాదు అనేది చాలా విలువైన సరుకు, అది లేనివాళ్ళు వ్యాపారంలోకి రాకూడదు.

మా నాన్న బ్రోకరు. క్వారీల దగ్గర బ్లాకులు చూసి కొనేవాళ్ళకి కొనిపెట్టేవాడు. రాయి కొనేముందు తడుపు, తర్వాత ఆరేదాకా నోరు మూసుకో, అనేవాడు. తడిపిన రాయి ఎండలో ఆరుతుంది, అంతా ఒకేసారి ఆరితే మంచి రాయి, ఎక్కడైనా వెంట్రుకంత గీత తడిగా మిగిలిపోతే అక్కడ పగులుంది. రాయి అబద్ధం చెప్పదు గాని ఆలస్యంగా చెబుతుంది, ఆ ఆలస్యంలో నువ్వు వాగితే యజమాని మాటతో నీ కళ్ళు కప్పేస్తాడు. మనుషులతోనూ అంతే అని ఆయన చెప్పలేదు, నేనే కలుపుకున్నాను. ముందు నోరు తెరిచినవాడు ఓడిపోతాడు. యార్డ్‌కి కొనడానికి వచ్చిన ఇల్లాలు రాతి స్లాబ్ ముందు నిలబడి అటూ ఇటూ చూస్తుంటే నేను వెళ్ళి ఫోర్క్‌లిఫ్ట్ తుడుచుకుంటాను. ఆమే వస్తుంది. మనుషులకి మౌనం భరించడం కష్టం, దాన్ని నింపడానికి వాళ్ళు తమ రహస్యాలే తీసి ఇచ్చేస్తారు.

"ఏందిరో కోటీ, రాయిని నిమురుతున్నవ్? కొంటవా ఏంది బార్‌ని?"

వెనక వైపు నుంచి వచ్చాడు. తలుపుని చూస్తూ కూర్చున్నవాడిని నేను, వాడు పార్కింగ్ వైపు తలుపులోంచి వచ్చాడు.

"అమ్మింది నేనే అయ్యుంటాను. కూర్చో. ఏంట్రా చక్రీ, ఇలా చిక్కిపోయావు?"

"తగ్గమన్నరు, తగ్గిన."

ఎవరు తగ్గమన్నారో చెప్పలేదు. నేను అడగలేదు. తడిపాను కదా, ఆరనీ అనుకున్నాను. వాడు ఎత్తు కుర్చీ ఎక్కి, పక్క కుర్చీ మీద జాకెట్ వేసి, నా భుజం మీద ఒక్కటి చరిచాడు. ఆ చెయ్యి మాత్రం అదే చెయ్యి, స్టూడెంట్ రోజుల్లో ఒకే ఫ్లాట్‌లో ఒకే కుక్కర్ గిన్నెలోంచి తినేటప్పుడు నా చేతిని తోసేసి అడుగంటిన అన్నం గీక్కున్న చెయ్యి. వెయిట్రెస్ వచ్చింది, జుట్టు సగం ఊదారంగు, నవ్వు మాత్రం పూర్తిగా ఉంది. నాకు బీర్ చెప్పాను, చేప, బంగాళదుంప వేపుడు చెప్పాను. వాడు సోడా నీళ్ళలో నిమ్మకాయ అన్నాడు, ఫ్రైస్ మీద ఉప్పు వద్దన్నాడు. హన్మకొండవాడు, ఆవకాయలో ఉప్పు చాల్లేదని మా అమ్మ పంపిన జాడీలో మళ్ళీ ఉప్పు కలిపినవాడు, ఉప్పు వద్దన్నాడు. అయితే జబ్బు. ఉద్యోగం కాదు, సాన్వి కాదు, జబ్బు. నేను తయారు చేసుకొచ్చిన మెత్తటి కాదులు ఒక్కటీ పనికిరావని తెలిసి, సరుకు ఒక ఓడరేవుకి పంపితే ఓడ ఇంకో రేవులో ఆగినట్టయింది లోపల.

మాట్లాడుతున్నాడు. సాన్వి టెక్సస్‌లో కాలేజీలో చేరిందని, వంట నేర్చుకుందని, ఫోన్ చేసి డాడీ పప్పులో వాటర్ ఎంత అని అమెరికన్ యాస తెలుగులో అడుగుతుందని. భార్య విడిపోయాక సిటీలోనే చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నానని, ఆఫీసుకి ట్రైన్‌లో పోతున్నానని. వింటున్నాను గాని, వినట్లేదు, వాడి మొహం మీద ఎక్కడ తడి మిగిలిందా అని చూస్తున్నాను. ఈ మొహం ఒక్క రహస్యం దాచలేదు ఎప్పుడూ. వాడి పాత కారు అమ్మిన రోజు గుర్తొచ్చింది. బేరం నేను మాట్లాడతాను, నువ్వు నోరెత్తకు, అని ఒట్టు వేయించుకున్నాను. కొనడానికి వచ్చినవాడు గుంటూరు కుర్రాడు, కొత్తగా దిగినవాడు, కారంటే నాలుగు చక్రాలని తప్ప ఏమీ తెలియదు, ఇంతకంటే మంచి కస్టమర్ ఏ జన్మలోనూ దొరకడు. వాడు సీట్లో కూర్చోబోతుంటే మన చక్రధర్, తమ్మీ, బ్రేక్ జర లేటుగా పడతది, వానలో అద్దం వైపర్ కొట్టుకోదు, రేడియేటర్ మార్పించుకో, అన్నాడు. నేను వెనక నుంచి కాలు తొక్కుతుంటే, ఏందిరా కాలు తొక్కుతున్నవ్, అని కూడా అన్నాడు. ఆ కుర్రాడు దాదాపు ఉచితంగా తీసుకుపోయాడు. వారమంతా వీడితో మాట్లాడలేదు నేను. నష్టం వీడిది, కోపం నాది. వీడేమో, బండి మంచి ఇంటికి పోయిందిరా, అని కూతుర్ని అత్తారింటికి పంపినట్టు మాట్లాడాడు. అప్పుడే అనుకున్నాను, వీడికి ఇచ్చిపుచ్చుకోవడంలో ఇవ్వడం వరకే తెలుసు, రెండో సగం వీడికెవరూ నేర్పలేదు, వీడు పైకి రాడు. రాలేదు కూడా. లెక్క ప్రకారం నేను అనుకుంది నిజమైంది.

తిండి వచ్చింది. వాడు ఒక ఫ్రై తీసుకుని, తినకుండా పట్టుకుని, అన్నాడు.

"ముందుగాల ఒకటి చెప్పాలె. నువ్వు కాదన్నందుకు నాకేం బాధ లేదు. నువ్వు ఫీల్ కాకు. అది మొహం మీద చెప్దామనే పిలిచిన."

నేను తల ఊపాను. దేనికి ఊపానో నాకు తెలియదు. తెలియనప్పుడు తల ఊపడం, అవతలివాడు మిగతాది చెప్పేదాకా ఆగడం, అది అలవాటు. నేను దేన్ని కాదన్నాను? ఎప్పుడు? వీడితో మాట్లాడితే కదా.

"హాస్పిటలామె చెప్పింది, నాట్ ఇంట్రెస్టెడ్ అన్నడట, లిస్ట్‌లకెళ్ళి తీసేయమన్నడట అని. నేనే తప్పు చేసిన. నిన్ను అడగకుండ నీ పేరు ఇచ్చిన. అడిగితే నువ్వు లెక్కలు తీస్తవని భయమైంది, అందుకే ఇచ్చేసిన. మనోళ్ళలో అడుగుడు ఏముంది అనుకున్న. కని ఇక్కడోళ్ళు ఫోన్ చేసి కనుక్కుంటరని సోయి లేకపాయె."

ఫోన్. పోయిన గురువారం. క్రేన్ బెల్టుకి స్లాబ్ వేలాడుతోంది, కింద కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు, నేను అరుస్తున్నాను, జేబులో ఫోన్ మోగింది, తెలియని నంబరు. తీయను మామూలుగా, ఆ రోజు కస్టమ్స్ వాళ్ళ కాల్ కోసం చూస్తూ తీశాను. ఎవరో ఆడగొంతు, హాస్పిటల్ పేరు, డోనర్, సపోర్ట్, మీకు ఇష్టమేనా. అంతే విన్నాను. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు హాస్పిటల్‌కి విరాళమనో పోలీసు సంఘానికి విరాళమనో చేస్తూనే ఉంటారు, మనవాళ్ళం అందరం ఒకే జవాబు కంఠతా పట్టి పెట్టుకున్నాం. నాట్ ఇంట్రెస్టెడ్, టేక్ మి ఆఫ్ ద లిస్ట్. చెప్పి, బొటనవేలితో నంబర్‌ని బ్లాక్ చేసి, మళ్ళీ స్లాబ్ వైపు తిరిగాను. కుర్రాళ్ళ ముందు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, ఎంత తొందరగా తెంచేశానో అని.

"దేనికి ఇచ్చావురా నా పేరు?" అన్నాను.

వాడు వింతగా చూశాడు. "కిడ్నీకి రా. ఆమె చెప్పలేదా?"

"నీ కిడ్నీకి ఏమైంది?"

"నా కిడ్నీకి ఏం కాలే. మస్తుగున్నది. అందుకే ఇస్తున్న."

అప్పుడు చెప్పాడు, బరువూ ఉప్పూ తగ్గమన్నది హాస్పిటల్ వాళ్ళేనని కూడా. ఫ్రైస్‌తో చెప్పాడు, ఒక్కొక్కటీ తీసి నల్లరాయి మీద వరసగా పేరుస్తూ. ఇది నేను, అన్నాడు పొడుగుది ఒకటి పెట్టి. ఇది ఎవరో ఒకాయన, పేరు నాకు తెల్వదు, చెప్పరు. ఆయనకు రెండూ పోయినయి, ఆయన భార్య తనది ఇస్తనన్నది, మ్యాచ్ కాలే. నాది ఆయనకు అయితది. నాది ఆయనకు ఎక్కినంక, ఆమె తనది పట్టుకొని ఇంటికి పోదు, ఇంకెక్కడనో ఒక పిల్ల ఉన్నది, ఆ పిల్లకు ఇస్తది. ఆ పిల్ల మేనమామ ఇద్దామనుకున్నడు, ఆయనది పిల్లకు కుదరలే, ఆయన ఇంకో ముసలామెకు ఇస్తడు. ఆ ముసలామె కొడుకు ఇంకొకరికి. ఫ్రైస్ వరస నా ప్లేటు దాటి, సాస్ సీసా చుట్టూ తిరిగి, పక్కన కూర్చుని టీవీలో ఆట చూస్తున్న తెల్లాయన గ్లాసు దాకా పోయింది. ఆయన కిందికి చూసి, కనుబొమలు ఎత్తి, గ్లాసు కొంచెం జరిపి చోటిచ్చాడు.

"ఎక్కడిదాకా పోతుంది?" అన్నాను.

"పోయినంత దూరం. ఎవరో ఒకరు తప్పుకునేదాకా."

"మరి నీకు ఎవరిస్తారు?"

"నాకెందుకు ఇస్తరు? నావి మంచిగనే ఉన్నయ్ కద."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నాకు వ్యాపారం తప్ప ఏమీ తెలియదు, వ్యాపారం మాత్రం తెలుసు, నా ఎదురుగా నల్లరాయి మీద ఉప్పులేని బంగాళదుంప ముక్కలతో వీడు పేర్చింది ఏమిటో ఆ గదిలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ప్రతివాడి చేతిలోనూ సరుకు ఉంది. ప్రతివాడి సరుకూ తన ఇంటికి పనికిరాదు, పక్కింటికి ప్రాణం. అందరూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, కాని ఎవరూ కదల్లేరు, ఎందుకంటే ప్రతివాడూ తనవాడికి వచ్చాకే తనది వదలాలి, రేవు బయట ఒకదాని వెనక ఒకటి లంగరు వేసి ఆగిపోయిన ఓడల్లాగా. బోలెడన్ని ఓడలు, బోలెడంత సరుకు, మధ్యలో చచ్చిపోతున్న మనుషులు. కదిలించాలంటే ఒక్కడు కావాలి, ఏమీ తీసుకోనివాడు, చేతులు చాచకుండా ముందు పెట్టేవాడు. నేను పుట్టినప్పటి నుంచీ చూసిన ప్రతి బేరంలోనూ, ముందు నువ్వివ్వు, కాదు ముందు నువ్వివ్వు, దాని కోసమే కదా బ్యాంకులు, కాగితాలు, సంతకాలు, బ్రోకర్లు, మా నాన్న, నేను. అన్నిటికీ ఆధారం ఎక్కడో ఒకచోట ముందు ఇచ్చినవాడు ఉండాలని, వాడు లేకపోతే ప్రపంచంలో ఏ సరుకూ ఒక అంగుళం కదలదని నాకు ఇన్నేళ్ళు తట్టలేదు. వాడు నాతో ఒకే గదిలో పడుకున్నాడు. వాడి కాలు తొక్కాను నేను.

మా నాన్న దీనికి ఒక మాట వాడేవాడు. బోణీ. పొద్దున్నే మొదటి బేరం. లాభం చూడకూడదు, పేచీ పెట్టకూడదు, వచ్చినవాడు చిన్నపిల్లాడైనా, అడిగింది గుప్పెడు గులకరాళ్ళయినా, ఉత్త చేతులతో పంపకూడదు. బోణీ అయితే రోజంతా సరుకు నడుస్తుంది, బోణీ కాదంటే కొట్టు కట్టేసుకున్నట్టే. అమెరికా వచ్చాక కూడా నేను మానలేదు, యార్డ్‌లో మొదటి కస్టమర్ ఎంత అడ్డదిడ్డంగా అడిగినా ఇచ్చేస్తాను, మా మేనేజర్ మెక్సికో అతను, అతనికీ అలవాటైపోయింది, బోణీ బోణీ అని అతనే అరుస్తాడు. దాన్ని శకునం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. వీడి దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది దాని అర్థం, అదీ ఫ్రైస్‌తో. ఒకడు లెక్క చూసుకోకుండా మొదలుపెట్టాలి, అప్పుడే మిగతావాళ్ళు లెక్కలు చూసుకుంటూ బతకగలరు. ఇంతమంది ప్రాణాలకి వీడు బోణీ చేస్తున్నాడు. వీడి చేతిలో ఆ చలవ ఉందని ఆ గుంటూరు కుర్రాడికి ఆ రోజే తెలిసిందేమో.

అయినా వెతికాను. వెతక్కుండా ఉండలేను, అది నా పని. ఎక్కడో మతలబు ఉంటుంది, రాయిలో పగులు ఉన్నట్టే. పేరు కోసమా అంటే పేరు బయటపెట్టరు. పాపం చేశాడా అంటే వీడి మొహం. చావాలనుందా, భార్య వెళ్ళిపోయిన దిగులా, అదే అడిగాను, కొంచెం గట్టిగానే అడిగాను. అదే అడిగిన్రురా వాళ్ళు గూడ, అన్నాడు, ఒక సైకాలజిస్ట్ ఆమె గంటలు గంటలు అడిగింది, ఎందుకు ఎందుకు అని, రెండున్నయి, ఒకటి చాలు అన్న, ఆమె రాసుకుంటలే, ఇంకేమన్న చెప్పు అంటది, ఇంకేముంటది చెప్పనీకి. భయం లేదా అన్నాను. ఉంది, అన్నాడు. నిమ్మకాయ ముక్కని స్ట్రాతో పొడుస్తూ, మస్తుగున్నది, భయముంటే చెయ్యొద్దని రూలున్నదా, అన్నాడు. గ్లాసు జరిపాడు. గ్లాసు చెమర్చిన నీళ్ళు రాయి మీద గుండ్రంగా ముద్ర వేశాయి.

"ఆమె సపోర్ట్ అన్నది దీనికేనా, నీ పక్కన ఉండడానికా? మరిప్పుడు ఎవరుంటారు నీతో?"

"అదే సమస్య. మనిషి లేకుండ వాళ్ళు కత్తి పట్టరు. ఆపరేషన్ నాడు ఉండాలె, ఇంటికి తోల్కపోవాలె, కొన్నాళ్ళు నాతోనే ఉండాలె, బరువెత్తనియ్యరు, డ్రైవింగ్ బంద్. మొదలు మా చుట్టాల పిల్లగాడు నీరజ్ ఉంటనన్నడు. వాళ్ళమ్మ ఫోన్ల ఏడ్చిందట, రేపు ఏమన్నయితే మనమీదకొస్తదని. తప్పుకున్నడు. అప్పుడే నీ పేరిచ్చిన. సాన్వికి పరీక్షలున్నయ్, దానికి చెప్పలే ఇంకా. ఇయ్యాల సాయంత్రంలోపు పేరియ్యాలె. లేకుంటే డేట్ వేరేటోళ్ళకు పోతది, ఇదంతా..." ఫ్రైస్ వరస వైపు చూశాడు. "ఆఫీసుల ఒకతన్ని అడుగుత. నువ్వు ఫీల్ కాకు, నిజంగ. నీకు యార్డ్ ఉంది, కుటుంబముంది. నువ్వు సాఫ్‌గ చెప్పినవ్, అది మంచిదే. చెయ్ కడుక్కొనొస్త."

వెళ్ళాడు. నా ముందు నా జీవితంలోకెల్లా మంచి బేరం పెట్టి వెళ్ళాడు. నేను ఏమీ చెప్పక్కర్లేదు. కాదన్నది అయిపోయింది, ఏ పొరపాటున అయితేనేం నా నోటితోనే అయిపోయింది, దాని తాలూకు నింద కూడా వాడు ముందే మాఫీ చేసేశాడు. ఊరుకుంటే చాలు. బిల్లు నేను కడతాను, బయట కావలించుకుంటాం, జాగ్రత్తరా అంటాను, 400 ఎక్కేస్తాను. మీనాక్షి, ఏమడిగాడండీ, అంటే ఏమీ అడగలేదే అంటాను, అది అబద్ధం కూడా కాదు. మొదటిసారిగా ఏ పగులూ లేని రాయి దొరికింది నాకు, అన్ని వైపుల నుంచీ నునుపు. ఒప్పుకుంటేనో. ఆపరేషన్ బల్ల మీద ఏదైనా జరిగితే వరండాలో నిలబడేది నేను. సాన్వికి ఫోన్ చేసేది నేను, పప్పులో నీళ్ళెన్ని అని అడిగే ఆ పిల్లకి. హన్మకొండలో చక్రి వాళ్ళమ్మకి చెప్పాల్సింది నేను, నువ్వు పక్కన ఉండి ఎందుకు ఆపలేదు నాయనా అంటే నా దగ్గర ఏం సమాధానం ఉంటుంది, ఫ్రైస్ పేర్చి చూపించాడమ్మా అనా. చెన్నై నుంచి ఓడ వస్తోంది, దింపేటప్పుడు నేను లేకపోతే సగం పలకలు అంచులు విరుగుతాయి. ఇవన్నీ నిజమే. ప్రతి ఒక్కటీ బరువున్నదే. తూకంలో ఇటువైపు ఎన్ని వేసినా అటువైపు ఏముందో నాకు కనపడటం లేదు, కాని ముల్లు మాత్రం అటే ఒరుగుతోంది. ఇది నాకు కొత్త. కనపడని బరువుని నేనెప్పుడూ నమ్మలేదు.

రాయి ఆరుతోంది. వాడి గ్లాసు పెట్టిన గుండ్రటి తడి అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతోంది, నక్షత్రాలు ఒక్కొక్కటే పొడిబారుతున్నాయి. నేను వంగి చూశాను, వెయిట్రెస్ ఏమనుకుందో గాని. అన్నీ ఆరాక ఒక గీత మిగిలింది, వెంట్రుకంత, వాడి మోచెయ్యి ఆనిన చోటు నుంచి అంచు దాకా. పగులు. ఎవరో జిగురు నింపి పాలిష్ చేసి దాచారు. చేసినవాడు మంచి పనివాడే, ఆ గీతతోనే ఈ బల్ల ఇన్నేళ్ళు ఇంతమంది మోచేతుల్ని మోసింది. నేనే అయితే ఈ రాయిని వెనక్కి పంపేవాడిని. పగులు లేని రాయి కోసం ఎన్ని క్వారీలు తిరిగానో, వాడు మాత్రం తన పగుళ్ళన్నీ ముందే చెప్పేస్తాడు, బ్రేకు లేటుగా పడుతుందని, భయముందని, మనిషి లేడని, అయినా కదులుతాడు. ఇప్పుడు చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు, చిక్కిపోయిన నడుము, ఎడమ వైపు షర్ట్ బయటికి వచ్చి ఉంది, ఆ షర్ట్ కిందే ఉంది అది, వాడి గుప్పెడంత, ఎవరో పేరు తెలియని మనిషి కోసం లోపల పని చేసుకుంటూ. నాకు ఒళ్ళు జలదరించింది. గుడిలో కూడా ఎప్పుడూ అలా కాలేదు, గుడిలో నేను ఎప్పుడూ ఏదో అడుగుతూనే ఉంటాను కదా.

ముందు నోరు తెరిచినవాడు ఓడిపోతాడు. తెరిచాను.

"నేను కాదనలేదురా."

"అరె, పర్వాలేదన్న గదరా."

"వినరా ముందు. విరాళాల కాల్ అనుకున్నాను. స్లాబ్ దింపుతున్నాను, వినలేదు. నీ పేరు చెప్పిందో లేదో కూడా తెలీదు. నంబర్ బ్లాక్ చేశాను."

వాడు నిలబడే ఉన్నాడు. మొహమంతా నవ్వయింది, పక్కాయన కూడా ఆట వదిలి మా వైపు తిరిగేంత నవ్వు.

"హాస్పిటల్‌ని బ్లాక్ చేసినవా? కోటిగా, నువ్వు యముణ్ణి గూడ బ్లాక్ చేస్తవు రా!"

"ఎలా తీయాలి దాన్ని? బ్లాక్ చేయడం వచ్చు గాని తీయడం నాకు రాదు."

ఫోన్ వాడి చేతిలో పెట్టాను. వాడు కళ్ళు తుడుచుకుంటూ, నా ఫోన్‌లో నేనెప్పుడూ వెళ్ళని గదుల్లోకి వెళ్ళి, ఎన్నెన్ని నంబర్లు రా ఇక్కడ, అని గొణుగుతూ, పైనుంచి కిందికి వేలితో జరుపుతూ పోయాడు. ఇన్నేళ్ళుగా నేను కాదన్నవాళ్ళందరూ అక్కడ వరసగా ఉన్నారు, పేర్లు లేకుండా. వాళ్ళలో ఇంకెవరెవరు ఎందుకు చేశారో. ఆ వరస చూడలేక రాయి వైపు చూశాను. నిజంగనే ఉంటవా, అన్నాడు తల ఎత్తకుండా, ఇంటికి పోయి భాభీని అడుగు, యార్డ్ పనులుంటయి, లెక్క చూసుకో, సాయంత్రం దాకా టైముంది. బోణీ బేరంరా, లెక్క చూడకూడదు, డయల్ చెయ్, అన్నాను. అర్థం కాలేదు వాడికి. వాడికి ఎందుకు అర్థం కావాలి, చేపకి ఈత అర్థమవుతుందా.

మోగింది. తీశారు. అదే గొంతు, పోయిన గురువారం నేను సగంలో నరికేసిన గొంతు, ఈసారి దాని వెనక ఎవరివో అడుగుల చప్పుడు, ఎక్కడో తలుపు మూసుకోవడం కూడా వినపడ్డాయి. నా పేరు చెప్పాను. నాట్ ఇంట్రెస్టెడ్ అన్న మనిషిని నేనే, అన్నాను ఇంగ్లీషులో, అయామ్ ఇంట్రెస్టెడ్. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆమె కూడా మౌనం తెలిసిన మనిషే అనుకున్నాను. తర్వాత వరసగా అడగడం మొదలుపెట్టింది, డ్రైవింగ్ వచ్చా, ఆ రోజంతా ఉండగలరా, తర్వాత ఆయన ఇంట్లో ఉంటారా, మెట్లున్నాయా. ఉంటాను, ఉంటాను, అంటూ పోతున్నాను. చక్రధర్ నా పక్కన కూర్చుని, రాయి మీద పేర్చిన ఫ్రైస్‌ని ఒక్కొక్కటే తింటున్నాడు, అవతలి చివర నుంచి మొదలుపెట్టి. తనది మాత్రం, ఆ పొడుగుది, అలాగే వదిలేశాడు.

డోనర్‌కి మీరేమవుతారు, అని అడిగింది ఆమె.

ఏమవుతాను. అన్నదమ్ములం కాదు, ఒక ఊరు కాదు, ఒక కులం కాదు. ఫ్రెండ్ అందామంటే ఇన్నేళ్ళు పండగ ఫార్వర్డులు తప్ప నా దగ్గర రుజువేముంది. పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది అవతల. వాడు నమలడం ఆపి నన్నే చూస్తున్నాడు, నేనేం చెబుతానో వాడికీ వినాలనుంది.

"రూమ్మేట్," అన్నాను.